దిగవలసిన చోటు



విజయనగరం నుంచి రాజాం వైపు వెళ్ళే బస్సులో సాయంకాలం ప్రయాణం చేసినవారికి ఒక ప్రశ్న బాగా పరిచయమై ఉంటుంది. "బాబూ, ఇదేటూరు?" అని ఎవరో ఒక ముసలమ్మ అడుగుతుంది. కిటికీ ప్రక్కన కూర్చున్నవాడు బయటికి తొంగిచూసి, తెలిసిన ఊరైతే చెబుతాడు. తెలియకపోతే "ఇంకా ఉందమ్మా, కూకో" అంటాడు. ఎంత ఉన్నదో అతనికీ తెలియదు. రెండు నిమిషాలకు ఆమె మళ్ళీ అడుగుతుంది. మూడవసారి అడిగేసరికి ఎవరికో విసుగు పుడుతుంది, ఎవరో నవ్వుతారు. ఆ తరువాత ఆమె అడగడం మాని, ఒడిలోని సంచిని గట్టిగా పట్టుకొని, ప్రతి ఊరి దగ్గరా సగం లేచి మళ్ళీ కూర్చుంటూ ఉంటుంది. టిక్కెట్టు చేతిలో ఉన్న మనిషి తాను దిగవలసిన చోటు తెలుసుకోవడానికి తోటివారిని ఇట్లా బతిమాలుకోవలసి రావడం గురించి నేను ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచినాను.

రాబోయే స్టాపు పేరు బస్సే ముందుగా పలికి వినిపిస్తే ఈ అవస్థ చాలవరకు తీరుతుంది. రైల్వే స్టేషనులో "దయచేసి వినండి" అన్న పిలుపుకు మనం ఏనాడో అలవాటు పడినాము. బస్సులో అటువంటిది ఉండవచ్చునన్న ఊహ మాత్రం మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఇంకా కొత్తగానే ఉన్నది. నేను ఎక్కిన పల్లెవెలుగు బస్సులలో ఎక్కడా వినలేదు.

ఈ విషయం నాకు పట్టడానికి కారణం మా చిన్నాన్నగారు. నీటికాసుల వల్ల ఆయనకు యాభైయవ ఏటి నుంచి చూపు తగ్గుతూ వచ్చి, అరవై దాటేసరికి వెలుగు చీకట్లు మాత్రమే తెలిసేవి. వారి ఊరు గరివిడి దాటిన తరువాత రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్నది. అయినా నెలకు రెండుసార్లు ఒంటరిగా విజయనగరం వచ్చి పోతుండేవారు. తోడు వస్తామంటే ఒప్పుకునేవారు కాదు. దారి అంతా ఆయన చెవులలోనూ నడుములోనూ ఉండేది. నెల్లిమర్లలో జూట్ మిల్లు దగ్గరి గోనెల వాసన ఒక గుర్తు. బస్సు గేరు మార్చి ఎక్కే ఎత్తు ఒక గుర్తు. ఫలానా మలుపులో శరీరం కుడి ప్రక్కకు ఒరుగుతుంది. చివరకు తమ ఊరికి ముందు రోడ్డు మీద రెండు పెద్ద గతుకులు. "రెండవ గతుకు కొట్టగానే లేచి నిలబడతాను, బస్సు ఆగేసరికి తలుపు దగ్గర ఉంటాను" అని గర్వంగా చెప్పేవారు.

ఒక సంవత్సరం ఆ రోడ్డుకు కొత్తగా తారు వేసినారు. గతుకులు పోయినవి. ఊరివారంతా సంతోషించినారు. ఆ వారంలోనే వాన కురుస్తున్న ఒక రాత్రి చిన్నాన్నగారి బస్సు ఆయన ఊరిని దాటి వెళ్ళిపోయినది. ఆ బస్సు ఏ సంస్థదన్న విచారణ ఇక్కడ అనవసరం. ఎక్కినప్పుడు కండక్టరుతో చెప్పుకొన్నారు. జనం ఒత్తిడిలో అతను మరచిపోయినాడు. "చీపురుపల్లి, చీపురుపల్లి" అని కేక వినబడినప్పుడు గాని ఆయనకు విషయం తెలియలేదు. కండక్టరు చాలా నొచ్చుకొన్నాడట. కాని తిరుగు బస్సు లేదు. తెల్లవారేవరకు సిమెంటు బల్ల మీద కూర్చొని, మొదటి బస్సుకు ఇల్లు చేరినారు. ఈ సంగతి మాకు మూడు వారాల తరువాత చెప్పినారు. కండక్టరు మీద మాకు కోపం వచ్చినది. ఆయన మాత్రం, "అతనిదేమున్నది నాయనా, నాకు కోపం ఆ తారు మీద" అన్నారు. ఆ తరువాత ఒంటరిగా బయలుదేరడం మానివేసినారు. ఆయన ఆరోగ్యం బాగానే ఉన్నది, కాళ్ళు గట్టిగానే ఉన్నవి. ఊరి పేరు ఒక్కసారి సకాలంలో చెవిన పడకపోవడం వల్ల ఆ మనిషి తిరుగుడు ఆగిపోయినది.

చూపు మందగించిన వానికి విజయనగరం పరాయి ఊరు కాదు. 1919లో స్థాపించిన మహారాజా సంగీత కళాశాలలో, ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా ఉన్న రోజులలో, వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి చూపు బహు మందం. ఆయన వద్ద నేర్చుకొనడానికి వచ్చినవారు ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు. చూపు లేని పిల్లల కొరకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల కూడ ఈ ఊరిలోనే ఉన్నది. ఆ పిల్లలు చదువుకొని, పెద్దవారై, ఉద్యోగానికి బస్సెక్కి వెళ్ళవద్దా?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వారొక్కరి కొరకే అయినా ఈ ఏర్పాటు చేయదగినది. కాని ఈ లాభం అక్కడితో ఆగదు. అదే లెక్కలలో అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో నూటికి 61.74, విజయనగరం జిల్లాలో 58.89. అనగా ఏడేళ్ళు దాటిన ప్రతి పదిమందిలో సుమారు నలుగురు ఊరి పేరు వ్రాసిన పలకను చూచి కూడ చదువలేనివారు. తరువాతి సంవత్సరాలలో ఆ లెక్క కొంత మెరుగుపడి ఉంటుంది. కాని నాడు చదువురాని పెద్దవారు నేటికీ బస్సులలో మన ప్రక్కనే కూర్చుంటున్నారు. ఇచ్ఛాపురం, మందస ప్రాంతాలలో ఒరియా చదివేవారు ఉన్నారు. వారికి తెలుగు అక్షరం అడ్డు, తెలుగు పేరు అడ్డు కాదు. సీతంపేట కొండల నుంచి పాలకొండ ఆసుపత్రికి దిగివచ్చే సవర స్త్రీ సంగతీ అంతే. ఇంకా చెప్పాలంటే, రాత్రిపూట, వానకు కిటికీ అద్దాలు దించినప్పుడు, నిలబడినవారి మధ్య ఇరుక్కుపోయినప్పుడు, రెండు కళ్ళూ చక్కగా ఉన్న పట్టభద్రుడు సైతం "ఇదే ఊరండీ?" అని అడగక తప్పదు. నేను అడిగినాను.

కొత్తవారి పాట్లు మరీ విచిత్రం. శ్రీకాకుళం రోడ్డు అన్న స్టేషనులో రైలు దిగినవాడు శ్రీకాకుళం వచ్చినదనుకుంటాడు. వచ్చినది ఆమదాలవలస. అక్కడి నుంచి బస్సెక్కి పట్టణం చేరాలి. చేరిన తరువాత ఏడు రోడ్ల కూడలిలో దిగవలెనా, డే అండ్ నైట్ కూడలిలో దిగవలెనా, అరసవల్లి కూడలిలో దిగవలెనా అన్న సమస్య. రథసప్తమి నాడు అరసవల్లికి వచ్చే యాత్రికులలో ఎందరు ఒక స్టాపు ముందో వెనుకో దిగి నడుస్తారో ఆ సూర్యభగవానునికే తెలియాలి. విజయనగరంలో మూడు లాంతర్లు అని ఒక కూడలి ఉన్నది. అక్కడి పాత కట్టడాన్ని 2020 మే నెలలో తొలగించినప్పుడు ఊరంతా కలవరపడినది. కట్టడం తీసినంత మాత్రాన పేరు పోలేదు. ఆ పేరు ప్రయాణికుల నోట అట్లాగే ఉన్నది. కాని కొత్తవాడు కిటికీలోంచి ఆ పాత కట్టడం కొరకు వెదికితే ఏమి ప్రయోజనం? మన ఊళ్ళలో చాలా కూడళ్ళ పేర్లు ఇటువంటివే. వాటిని చూచి పోల్చుకోవడం సాధ్యం కాదు, ఎవరో చెప్పగా వినవలసినదే.

ఇక యంత్రం ఎట్లా పనిచేస్తుందో సంగ్రహంగా చెబుతాను. ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలను అందుకొని తాను భూమి మీద ఎక్కడ ఉన్నదీ లెక్కకట్టే చిన్న పరికరం ఒకటి బస్సులో ఉంటుంది. ఆ దారిలోని స్టాపులన్నిటి స్థానాలూ, వాటి పేర్లు పలికిన ధ్వనిముద్రికలూ దానిలో నిలువచేసి ఉంటవి. బస్సు ఒక స్టాపుకు నిర్ణీత దూరంలోకి రాగానే ఆ పేరు స్పీకరులో పలుకుతుంది. ఇంతే. అయితే ఆ దూరం ఎంత ఉండాలన్న దానిలోనే తెలివి ఉన్నది. వయసు మీరిన మనిషి మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, సంచి తీసుకొని, జనాన్ని తప్పించుకొని తలుపు దగ్గరకు రావడానికి కనీసం అర నిమిషం పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో రహదారి మీద పోయే బస్సు అర నిమిషంలో 500 మీటర్లు పోతుంది. పట్టణంలో 20 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఆ అర నిమిషంలో సుమారు 170 మీటర్లే పోతుంది. కనుక రహదారి మీదా ఊరిలోనూ ఒకే కొలత పెట్టితే, ఒకచోట పేరు ఆలస్యమవుతుంది, మరొకచోట ఒక స్టాపు పేరు ఇంకొక స్టాపు దగ్గర వినబడుతుంది. తప్పు పేరు పలికే యంత్రం కంటే మూగ యంత్రం మేలు.

ఇందులో సగం సరంజామా మన దగ్గర ఇదివరకే ఉన్నది. 2019 జనవరి 1 నుంచి దేశంలో కొత్తగా నమోదయ్యే ప్రయాణికుల బస్సులలో స్థానం తెలిపే పరికరం, ఆపదలో నొక్కే మీట ఉండవలెనని కేంద్ర ప్రభుత్వం నియమం చేసినది. మన రోడ్డు రవాణా సంస్థ బస్సు ఎక్కడ ఉన్నదీ సెల్‌ఫోనులో చూచుకొనే సదుపాయం కూడ కల్పించినది. కండక్టరు టిక్కెట్టు యంత్రంలో ప్రతి స్టేజీ పేరూ ఉన్నది. లేకపోతే టిక్కెట్టు మీద ఎక్కిన ఊరు, దిగే ఊరు అచ్చుపడవు గదా. అంటే బస్సు ఎక్కడ ఉన్నదో కార్యాలయానికి తెలుసు, ఫోను ఉన్నవానికి తెలుసు, టిక్కెట్టు యంత్రానికి తెలుసు. ఆ బస్సులో కూర్చున్న ముసలమ్మకు తెలియదు.

ఇతర దేశాలలో ఇది ఎంతవరకు వచ్చినదో చూతాము. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చిన తరువాత, నియమిత మార్గాలలో నడిచే బస్సులలో ముఖ్యమైన కూడళ్ళనూ, బస్సు మారవలసిన చోట్లనూ ప్రకటించడం విధి అయినది. యంత్రం లేకపోతే డ్రైవరే నోటితో చెప్పాలి. ప్రయాణికుడు కోరిన స్టాపు ఏదైనా చెప్పాలి. లండనులో 2000 దశకం రెండవ భాగంలో నగర బస్సులన్నిటికీ ఇటువంటి యంత్రాలు అమర్చినారు. బ్రిటన్‌లో తక్కిన ప్రాంతాలవారు చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చినది. 2017 చట్టం దారి చూపగా, 2023లో నిబంధనలు వచ్చినవి. వినిపించడమే గాక అక్షరాలలో చూపించడం కూడ వాటిలో ఉన్నది, చెవిటివారి కొరకు. బస్సు దారి మళ్ళితే ఆ సంగతీ చెప్పాలి. మన ప్రక్కనే ఉన్న చెన్నైలో 2023లో కొన్ని వందల బస్సులలో స్టాపుల పేర్లు వినిపించడం మొదలుపెట్టినారు. కనుక ఇది సీమలలోనే చెల్లే వింత కాదు.

మన చట్టం సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినది. రవాణా సౌకర్యాలు వారికి అందుబాటులో ఉండవలెనని దానిలో స్పష్టంగా ఉన్నది. 2017 డిసెంబరులో సుప్రీం కోర్టు ఈ విషయమై ప్రభుత్వాలకు ఆదేశాలు ఇచ్చినది. అవి ఆశించినట్లు అమలు కాకపోగా, 2024 నవంబరు 8న మళ్ళీ తీర్పు చెబుతూ, చేస్తే మంచిదన్న తీరున ఉండే సలహాలు చాలవనీ, తప్పక పాటించవలసిన నియమాలు వేరుగా చేయవలసినదనీ కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టినది. 2020 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో రవాణా సంస్థ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైనారు కూడ. కనుక బస్సు గొంతు విప్పడం ఎవరో దయతలచి చేసే ఉపకారంగా భావించనక్కర లేదు.

కండక్టరు ఉన్నాడు గదా, అతను కేక వేస్తాడు గదా అని కొందరంటారు. నిజమే. మన ప్రాంతపు కండక్టర్లలో గొప్ప గొంతులు ఉన్నవారిని నేను విన్నాను. వారిలో ఇద్దరు ముగ్గురిని మా స్టూడియోకు తీసుకుపోదామా అనిపించేది. కాని కాలం మారినది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు మన రాష్ట్రంలో పల్లెవెలుగు మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చినది. మంచిదే. అయితే ప్రతి స్త్రీకీ సున్నా టిక్కెట్టు కొట్టి ఇవ్వాలి. బస్సు నిండి ఉంటుంది. వెనుక తలుపు దగ్గర టిక్కెట్లు కొడుతున్న కండక్టరు తల ఎత్తి ఏ ఊరు వచ్చినదో చూచే వ్యవధి ఎక్కడ? కొన్ని సర్వీసులలో కండక్టరే లేడు. డ్రైవరే టిక్కెట్లిచ్చి బస్సు నడుపుతాడు. రోడ్డు మీద దృష్టి ఉంచవలసిన మనిషిని ఊళ్ళ పేర్లు అరవమనడం న్యాయం కాదు.

ఇంకొక అభ్యంతరం కొంచెం బరువైనది. పల్లెవెలుగు బస్సు స్టాపుల దగ్గరనే ఆగదు. చెయ్యి ఎత్తిన ప్రతిచోటా ఆగుతుంది. చింతచెట్టు దగ్గర, కల్లం దగ్గర, గుడి మలుపులో దిగేవారికి యంత్రం ఏమి చెబుతుంది? అన్నిటినీ చెప్పబోతే దారి పొడుగునా మోత తప్పదు. నా ఉద్దేశం, టిక్కెట్టు స్టేజీల పేర్లు చెబితే చాలు. గరివిడి వచ్చినదని తెలిస్తే, ఆ తరువాతి చింతచెట్టు సంగతి మా చిన్నాన్నగారు చూచుకోగలరు. ఆయనకు కావలసినది లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం.

మోత అన్నాను గనుక, నాకున్న భయం ఒకటి చెబుతాను. ఒకసారి బస్సులో స్పీకరు పెట్టిన తరువాత, రెండు స్టాపుల మధ్య నగల కొట్టు వారి ప్రకటన, ఆ తరువాత సినిమా పాట, ఆ తరువాత కళాశాలలో సీట్ల ప్రకటన చేరుతవి. అంతటితో ప్రయాణికుల చెవులు మూసుకుపోతవి. మూసుకుపోయిన చెవిలో ఊరి పేరు పడదు. డ్రైవరు విసిగి మీట కట్టివేస్తాడు, అతన్ని తప్పుపట్టడానికీ లేదు. స్పీకరు ఊరి పేరు తప్ప మరేదీ పలకరాదు. డబ్బు వేరే దారిలో చూచుకోవలసినదే.

ఇక పేరు పలకడం. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం గనుక కొంచెం చనువు తీసుకుంటాను. మన ప్రాంతపు ఊళ్ళ పేర్లలో భేదమంతా తలలో ఉన్నది, తోక ఒక్కటే. ఆమదాలవలస, కొత్తవలస, నరసన్నపేట, సోంపేట, సీతంపేట, ఇక పాలేలకు లెక్కే లేదు. ఇంజను రొదలో మాట మొదటి భాగం కొట్టుకుపోయి, చివరి భాగమే చెవికి అందుతుంది. "...వలస" అని వినబడితే ఏ వలస అని నిర్ణయించుకోవాలి? అందుకనే పేరుకు ముందు "తరువాతి స్టాపు" అన్న రెండు మాటలు ఉండాలి. ఆ రెండు మాటలూ రొదలో పోతే పోనీ. అవి పోయేలోపల చెవి సిద్ధపడుతుంది. అప్పుడు పేరు, ఒక క్షణం ఆగి మళ్ళీ పేరు. ఈ స్టాపు అన్న మాటకు బదులు "విరామస్థానం" అనవలెనని పండితులైన ఒక మిత్రులు సూచించినారు. వారు కూడ ఇంటికి వెళ్ళేటప్పుడు స్టాపులోనే దిగుతారు.

పలికేది జనం పలికే పేరు కావలెను. శృంగవరపుకోట అని పూర్తిగా చదివితే వినసొంపుగానే ఉంటుంది, కాని ఎస్.కోట వెళ్ళే రైతు తన ఊరని గుర్తించేలోపల బస్సు దాటిపోవచ్చు. లక్ష్మీనర్సుపేట కంటే ఎల్.ఎన్.పేట చాలామందికి దగ్గర. అంతకంటె ముఖ్యం, ఈ పేర్లు ఈ నేల మీది గొంతుతో ముద్రించినవి కావలెను. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసిన పట్టికను ఎక్కడో కూర్చున్న యంత్రానికి అప్పగిస్తే, సాలూరు 'సలూర్' అవుతుంది, పాలకొండ 'పలకొండ' అవుతుంది, రాజాం 'రజమ్' అవుతుంది. దీర్ఘం తీసివేస్తే అది మరియొక ఊరు. కళ్ళతో సరిచూచుకోలేని వానికి ఈ భేదం ప్రాణం మీదికి వస్తుంది.

బస్సు లోపల పలకడం ఒక ఎత్తు, వచ్చినది ఏ బస్సో బయట నిలబడిన వానికి తెలియడం ఇంకొక ఎత్తు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఆచార్య ఎం. బాలకృష్ణన్ గారి బృందం దీనికి ఒక ఉపాయం కనిపెట్టినది. స్టాపులో నిలబడిన మనిషి చేతిలోని చిన్న సాధనం మీద మీట నొక్కితే, దగ్గరకు వచ్చిన బస్సు తన నంబరు పలుకుతుంది. తలుపు దగ్గరి నుంచి వచ్చే శబ్దాన్ని పట్టుకొని నడిచి ఎక్కవచ్చు. ఢిల్లీలోనూ బొంబాయిలోనూ దానిని పరీక్షించి చూచినారు. మన కాంప్లెక్సులలో బస్సులు వరుసగా నిలిచినప్పుడు ఇటువంటిది ఎంత అవసరమో వేరే చెప్పనక్కర లేదు.

రెండు జిల్లాలలోని బస్సులన్నిటికీ ఒకేసారి కాకపోయినా, ఒక దారి తీసుకొని మొదలుపెట్టవచ్చు. విజయనగరం నుంచి పాలకొండ వరకు గాని, ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం మీదుగా అరసవల్లి వరకు గాని. యంత్రం వచ్చేవరకు కూడ ఊరకుండనక్కర లేదు. స్టేజీ రాగానే పేరు రెండుసార్లు పలకడం కండక్టరు విధులలో చేర్చి, ఆ కాసేపు టిక్కెట్టు కొట్టకుండా ఆగవచ్చునని అతనికి అభయమిస్తే చాలు. నిలబడినవారు ఆ అర నిమిషం మాటలు ఆపితే ఇంకా మంచిది.

ఈ ప్రసంగం వ్రాసుకొన్న తరువాత చిన్నాన్నగారికి చదివి వినిపించినాను. శ్రద్ధగా విన్నారు. మీ దారిలో ఇటువంటిది పెట్టితే మళ్ళీ బయలుదేరతారా అని అడిగితే, "నాలుగుసార్లు సరిగ్గా చెప్పినదని విన్న తరువాత చూతాము" అన్నారు. పేర్లు చదవడానికి నన్నే పిలుస్తారేమో అని పరిహాసానికి అన్నాను. ఆయన వెంటనే, "నీ గొంతు వద్దు నాయనా, వార్తలనుకొని కూర్చుండిపోతాను. ఆ చీపురుపల్లి కండక్టరు గొంతు పెట్టించు" అన్నారు.